దవడ

బార్లీ పొంగుతోంది. గిన్నె మూత ఎగిరెగిరి పడుతూ టపటపా కొట్టుకుంటోంది, మంట తగ్గించాలి, తగ్గించను, కొట్టుకోనీ, ఈ ఇంట్లో ఇవాళ ఏదో ఒకటి గట్టిగా కొట్టుకోవాలి. నాలుగింటికి వస్తామన్నారు వాళ్ళు. వాళ్ళంటే నా దవడ పగలగొట్టిన క్రేన్ డ్రైవరు పెళ్ళాం, అతని మేనమామ. రాజీకి. "ఒక్కసారి వచ్చి సిస్టరమ్మ కాళ్ళు పట్టుకుని పోతాం బాబూ" అన్నాడట మేనమామ ఫోన్లో. ఆ ఫోను ఎత్తిందీ మా ఆయనే, రమ్మన్నదీ మా ఆయనే. అప్పటికి నా పైపళ్ళూ కిందిపళ్ళూ కలిపి తీగలతో కట్టేసి ఉన్నాయి, వద్దు అనడానికైనా నోరు తెరుచుకోదు. నిన్న సర్జను ఆ తీగలు ఒక్కొక్కటే తెంపి ట్రేలో పడేశాడు, టింగు టింగుమని. "ఇక మెల్లగా నమలండి సిస్టర్, మెత్తటివే సుమా" అన్నాడు. మెత్తటివి. నెలన్నరగా స్ట్రాతో జావా పాలూ రసాలూ పీల్చి పీల్చి, మెత్తన అనే మాట వింటేనే ఎవరినైనా లాగి కొట్టాలనిపిస్తోంది నాకు. పళ్ళ కింద ఎదురు తిరిగేది కావాలి. బార్లీ అయితే ఎంత ఉడికినా లొంగినట్టే లొంగి నడుమ చిన్న మొండితనం దాచుకుంటుంది. యాపిల్ కావాలి, దానిమ్మ గింజలు పటుక్కుమనాలి, నారింజ తొనల పొర చిట్లాలి, వాల్‌నట్లు విరగాలి. ఒంటికి మంచిదని అందరూ చేసుకుని తింటారే, గింజలూ పళ్ళూ కలిపిన సలాడ్, అదే చేస్తున్నాను, కానీ ఒంటి కోసం కాదు, పగ కోసం. అద్దంలో చూసుకుని పళ్ళ మధ్య వేళ్ళు నిలువుగా పెట్టి కొలుచుకున్నాను, రెండు వేళ్ళు కష్టం మీద పట్టాయి. రెండు వేళ్ళంత నోరు చాలు, యాపిల్ ముక్క పడుతుంది.

దవడ పగులుద్ది జాగ్రత్త. చిన్నప్పుడు మా అమ్మ ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అనేదో, పాలు ఒలకబోస్తే దవడ, చెల్లిని గిల్లితే దవడ, బడికి ఆలస్యమైతే దవడ. బడిలో మాస్టారూ అదే, బస్సులో కండక్టరూ అదే. ఎవరి దవడా పగిలేది కాదు. కుశల ప్రశ్న లాంటిది ఆ మాట, అంటారు, వింటాం, పనిలో పడిపోతాం. దానికొక చప్పుడుంటుందని నాకు ఈ వయసు దాకా తెలీదు. ఎండుకొమ్మ విరిగినట్టు ఉండదది. తడిగుడ్డలో చుట్టిన గాజుగ్లాసును కాలితో తొక్కినట్టు ఉంటుంది, చెవితో కాదు, పుర్రె లోపలి నుంచి వింటాం. ఆ రోజు నా డ్యూటీలో ఆ క్రేన్ డ్రైవరు తమ్ముణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారు, బైకు లారీ కింద పడిందట, ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి లేదు. నాడి లేదు, కళ్ళలో లైటు వేస్తే కంటిపాప కదల్లేదు. ప్రాణం లేదండీ అన్నాను. మరోసారి చూడండి సిస్టర్ అన్నాడు అన్న, గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. మరోసారి చూశాను. తెలిసి కూడా చూశాను, మెడ పక్కన వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, అతని కోసం, అలా చూసినందుకే నాకు ఇప్పటికీ మండుతోంది. తల పైకెత్తి లేదండీ అన్నాను. సెలైను స్టాండు ఎప్పుడు అందుకున్నాడో తెలీదు, కింద చక్రాలున్న ఆ ఇనప అడుగు నా ముఖం మీదికి రావడం మాత్రం చూశాను. కుర్ర డాక్టరు మందుల గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. నేల మీద ఒక పన్ను దొర్లుతూ పోయి మంచం కాలి దగ్గర ఆగింది. ఎవరిదో పన్ను పడిపోయింది, తీసి గుడ్డలో పెట్టాలి అనుకున్నాను, పాలలో వేస్తే మళ్ళీ అతకొచ్చు అనుకున్నాను, అనుకుంటూనే రెండో దెబ్బ.

దానిమ్మకాయను అడ్డంగా కోసి అరచేతిలో బోర్లించి గరిటెతో వెనక కొడుతున్నాను. ఇలా కొడితే గింజలు వాటంతటవే రాలతాయి. ధన్, ధన్. పళ్ళు రాలగొడతా అంటారే, ఇదే కాబోలు. కొట్టే కొద్దీ చెయ్యి తేలికవుతోంది. ఈ నెలన్నరలో వాణ్ణి నేను ఎన్ని రకాలుగా చంపానో ఎవరికీ చెప్పలేదు, నోరు లేదుగా. కత్తితో కాదు, కర్రతో కాదు, నాకు తెలిసిన విద్యతోనే. వాణ్ణి ఒక రాత్రి నా వార్డుకే మోసుకొస్తారు. క్రేను మీంచి పడి ఉంటాడు. ఒళ్ళంతా నుజ్జు, తెలివి మాత్రం ఉంటుంది. నేను అన్నిటికన్నా లావు సూది తీస్తాను. నరం కనిపిస్తూనే ఉంటుంది, అయినా దొరకనట్టు వెతుకుతాను, ఇక్కడ గుచ్చి, అక్కడ గుచ్చి, నరం లోపల సూది అటూ ఇటూ తిప్పి. నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వండి సిస్టర్ అంటాడు. ఇస్తానండీ అంటాను. ఇవ్వను. విరిగిన చోటును పట్టుకునే దుప్పటి సర్దుతాను. ఇదంతా ఊహిస్తుంటే గుండె దడదడలాడాలి కదా, చెయ్యి వణకాలి కదా, లేదు, హాయిగా నిద్ర పట్టేది. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ నొప్పి తీసిన చేతులివి, వీటికి ఇంత చేతనవునా అని దుప్పట్లోంచి తీసి చూసుకునేదాన్ని. మామూలు చేతులే. గోళ్ళు కత్తిరించిన, సబ్బుకు ఎండిన చేతులు. దానిమ్మ తొక్క ఖాళీ అయినా కొడుతూనే ఉన్నానని ఇప్పుడు చూశాను, తెల్లపొర చీలికలై గిన్నెలో పడుతోంది, ఏరాలి.

బార్లీ దించి జల్లెట్లో వంచి చల్లార్చాను, ఇక నారింజ. తొక్క ఒలిచి తొనల మీది తెల్లనారు తీస్తుంటే హాల్లోంచి అత్తయ్య శాపనార్థాలు వినిపిస్తున్నాయి. "వాడి చెయ్యి చచ్చుబడ! వాడి నోట్లో మన్ను పడ! కాళ్ళు పట్టుకుంటారట కాళ్ళు, ముందు ఆ కాళ్ళే విరగ్గొట్టాలి." ఈవిడతో నాకు పదిహేనేళ్ళుగా చుక్కెదురు. ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ నేను వండినదేదీ ఆవిడ నోటికి నచ్చింది లేదు. అలాంటిది నా నోరు కట్టేసిన రోజు నుంచి నా తరఫున కూడా ఆవిడే మాట్లాడుతోంది, ఇద్దరి తిట్లూ ఒక్క నోటితో తిడుతోంది. స్ట్రా పట్టుకుని తాగించింది, రాత్రిళ్ళు కారే చొంగ తుడిచింది, తుడుస్తూ కూడా తిట్టింది, నన్ను కాదు, వాణ్ణి. మా ఆయన దారి వేరు, వాళ్ళను రమ్మన్నవాడే ఇవాళ పనికి పోయాడు. డ్రైవింగు స్కూల్లో నేర్పే మనిషి, పక్కసీట్లో కూర్చుని కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని బతికే మనిషి, ఇంట్లోనూ అంతే, ఎవరు కొంచెం వేగం పెంచినా తొక్కేస్తాడు. "పోనీలే, మనకెందుకు చెప్పు గొడవలు. తమ్ముడు పోయిన బాధలో కొట్టాడు. నువ్వే కదా అంటావు, అలాంటప్పుడు మనుషులు మనుషుల్లా ఉండరని." అన్నాను. ఎదుటివాళ్ళ దవడలు పగిలినప్పుడు అన్నాను. చిన్న కల్వంలో ఆవాలు నూరుతున్నాను, మిరియాలు కూడా వేశాను, ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఇవి ఆవాల నీళ్ళే. నూరిన పొడి సీసాలో వేసి, నిమ్మరసం పిండి, రెండు చెంచాల తేనె, ఉప్పు, నూనె. మూత బిగించి కుదిపితే అంతా ఒకటవుతుందట. నూనె మాత్రం మాట వినదు, కుదిపినంతసేపూ కలిసినట్టుంటుంది, చెయ్యి ఆపగానే పైకి తేలి విడిగా కూర్చుంటుంది. రాజీ అంటే ఇదే కాదూ. ఆసుపత్రి సూపరింటెండెంటు కూడా రాజీ పడమనే అన్నాడు, ఆసుపత్రి పేరు పాడవుతుందట. నా పన్ను పోతే లేదు, పేరు పోతే బాధ. సీసా పట్టుకుని కుదుపుతున్నాను, భుజం నొప్పి పుట్టేదాకా, ఒకరి మెడ పట్టుకుని కుదిపినట్టు కుదుపుతున్నాను, అప్పుడు మోగింది బెల్లు.

ముందే వచ్చేశారు. మేనమామ తెల్లచొక్కా, చేతిలో పళ్ళ సంచి, రోగిని చూడటానికి వచ్చినట్టే. ఆవిడ అతని వెనక, మెడ చుట్టూ గుడ్డ గడ్డం దాకా చుట్టుకుని, తల దించుకుని, పాతికేళ్ళుంటాయేమో, నలభై కూడా ఉండొచ్చు. అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు, కూర్చోమనీ అనలేదు, వాళ్ళే కూర్చున్నారు. మేనమామ గొంతు తేనె, తేనె కింద నూనె. "మావాడు చెడ్డవాడు కాదమ్మా. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రాణం పోయేసరికి ఒళ్ళు తెలీలేదు. కోర్టు వాయిదా వచ్చే వారం, ఈలోగా మీరు ఒక్క ముక్క చెబితే చాలు. తోపులాటలో మీ కాలు జారింది, జారి ఆ స్టాండు మీద పడ్డారు. అంతే. మీకూ మాకూ ఏ గొడవా ఉండదు." జారి పడ్డాను. రెండుసార్లు జారి పడ్డాను కాబోలు, పడ్డదాన్ని లేచి మళ్ళీ పడ్డాను కాబోలు. నా కొత్త నోరు తెరిచాను, మాట సగం ముక్కులోంచి వచ్చింది, "ఆలోచించి చెప్తాను" అని వచ్చింది, ఛీ, అదా నేను అనాలనుకున్నది, నెలన్నర మూసుకున్న నోరు తెరిస్తే రావలసిన మాట అదా. తిరిగి వంటింట్లోకి వచ్చేశాను. కత్తి తీసుకుని యాపిల్‌ని నడిమికి నరికాను, బల్ల అదిరింది.

"మంచినీళ్ళు కావాలక్కా" అంటూ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఇచ్చాను. గ్లాసు ఎడమచేత్తో అందుకుంది, కుడిచెయ్యి గుడ్డ కింద దాచుకుంది, దాచుకున్నా కనిపించింది, నా కళ్ళు అవి, సెలవులో ఉన్నా డ్యూటీలోనే ఉంటాయి. మణికట్టు మీద బోర్లించిన చెంచాలా ఎత్తుగా ఉంది. విరిగి, సరిచేయకుండా వదిలేస్తే ఎముక అలా వంకరగా అతుక్కుంటుంది.

"అది ఎప్పుడు విరిగింది?"

"జారి పడ్డానండి."

జారి పడ్డాను. ఎన్నిసార్లు విన్నాను ఈ మాట, మెట్ల మీద జారాను, బాత్రూంలో జారాను, తడి నేల మీద జారాను సిస్టర్. కన్ను నల్లబడ్డవాళ్ళు, పక్కటెముక విరిగినవాళ్ళు, చెవిలోంచి నెత్తురు కారేవాళ్ళు, పక్కన నిలబడ్డ మొగుడి వైపు చూస్తూ. లోకంలో ఆడవాళ్ళు నడిచే నేలంతా సబ్బునీళ్ళే అనుకోవాలి. ఆవిడ హాలు వైపు ఒకసారి చూసి నా దగ్గరికి జరిగింది. గొంతు గాలిలా ఉంది.

"మీరు మాత్రం జారి పడ్డానని చెప్పకండక్కా. ఆయన జైల్లోకి వెళ్ళిన దగ్గర్నుంచే నేను నిద్రపోతున్నాను. మీ దవడ పుణ్యమా అని. ఇలా అనకూడదు, నాకు పాపం తగుల్తుంది. కానీ నిజం."

చెంప మీద కొట్టాలనిపించింది. అతన్ని కాదు, ఈవిడ్ని. నా దవడ పుణ్యమా. నేను చొంగ కార్చుకుంటూ గోడ వైపు తిరిగి పడుకున్న రాత్రులన్నీ ఈవిడ కాళ్ళు చాపుకుని పడుకుందన్నమాట, నా ఎముక విరిచి ఈవిడకు తలగడ చేశారన్నమాట. కత్తి పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి, ఒక్క క్షణం, ఒక్క క్షణమే, తర్వాత ఆవిడ ముఖం చూశాను, తిట్టు కోసం కాచుకుని ఉంది, దెబ్బ కోసం కూడా కాచుకుని ఉంది, కళ్ళు సగం మూసి, మెడ కొంచెం పక్కకు తిప్పి, దెబ్బ ఎటు నుంచి వస్తుందో ఒంటికి ముందే తెలిసిపోయినట్టు. అలా నిలబడటం ఎన్నేళ్ళు నేర్చుకుంటే వస్తుందో. నా చేతిలోంచి కోపం జారిపోలేదు, దిక్కు మార్చుకుంది. "కూర్చోమ్మా, యాపిల్ కోసి పెట్టు" అన్నాను. కత్తి ఇచ్చాను. ఎడమచేత్తో చకచకా కోసింది, ముక్కలన్నీ ఒకే తీరుగా.

"ఎంతసేపే నీళ్ళు?" మేనమామ గుమ్మంలోకి వచ్చాడు. ఎంత విన్నాడో తెలీదు, ముఖం చూస్తే అంతా విన్నాడు. గొంతులో తేనె అయిపోయింది. "ఏం మంత్రాలు చదువుతున్నావు ఇక్కడ? వాడు బయటికి రాకూడదా నీకు? పద, ఇంటికి పద, చెప్తా నీ సంగతి." ఆ చెయ్యే పట్టుకున్నాడు, వంకర చెయ్యి, మెలితిప్పాడు. ఆవిడ అరవలేదు. కత్తి బల్ల మీద ఉంది, నా అరచెయ్యి దాని మీద పడింది, ఆవిడ అందుకోకుండా దాచడానికా, నేనే అందుకోవడానికా, ఇప్పటికీ చెప్పలేను. ఈలోగా ఆవిడ వంగింది. అతని బొటనవేలి కింద కండ ఉంటుందే, మందంగా, అక్కడ పళ్ళు దిగేసింది.

అరుపు అంటే అది. వార్డులో కూడా అలాంటిది వినలేదు. కొరికి వదిలేస్తుందనుకున్నాను, వదల్లేదు. అతను గుంజాడు, గుంజితే చర్మం ఆమె పళ్ళ వెంట సాగింది. రెండో చెయ్యి ఎత్తి ఆమె నెత్తిన గుద్దాడు, మళ్ళీ ఎత్తాడు, వెనక నుంచి అత్తయ్య ఆ చేతిని చొక్కాతో సహా ఒడిసి పట్టుకుంది, డెబ్బయ్యేళ్ళ మనిషి, వేలాడింది. "కొట్టావంటే ఈ చేతిని నేను కొరుకుతాను! పళ్ళు లేకపోతేనేం, చిగుళ్ళున్నాయి నాకు!" నెత్తురు మోచేతి దాకా కారుతోంది, తెల్లచొక్కా అంచు తడిసింది. "సిస్టర్! విడిపించండి! మీకు దణ్ణం పెడతాను, విడిపించండి!" తెలుసు నాకు, ఎలా విడిపించాలో. మూర్ఛ వచ్చినవాళ్ళ నోళ్ళు, భయంతో బిగుసుకున్న నోళ్ళు ఎన్ని తెరిచాను. చెవి కింద కీలు దగ్గర రెండువైపులా బొటనవేళ్ళతో నొక్కాలి, చిటికెలో పని. కానీ మాకు మొదటి పాఠం ఒకటుంది. రోగిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. నా చేతులకు నిమ్మరసం ఉంది, ఆవపిండి ఉంది. పంపు తిప్పాను. సబ్బు తీసుకున్నాను. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్లు, మోచేతుల దాకా, నురగ వచ్చేలా, నెమ్మదిగా, ఏ సందూ వదలకుండా. వెనక అతను అరుస్తూనే ఉన్నాడు. కడిగాను. మళ్ళీ సబ్బు పెట్టాను. శుభ్రమైన తువ్వాలుతో తుడుచుకున్నాను.

అప్పుడు వెళ్ళి ఆవిడ ముఖం పట్టుకున్నాను. దవడ కండ రాయిలా ఉంది. కీలు కోసం వేళ్ళు జరిపితే ఎముక అంచున చిన్న బొడిపె తగిలింది, గడ్డానికి కొంచెం దగ్గరగా, ఏ సర్జనూ తీగ వేయకుండా తనంతట తానే అతుక్కున్న పగులు. ఎంతకాలం ఏమి తిని బతికిందో, ఎవరు స్ట్రా పట్టారో. "వదిలెయ్ అమ్మా" అన్నాను. "చాలు. వాడి కోసం నీ పళ్ళెందుకు పాడుచేసుకుంటావు." నొక్కనక్కర్లేకపోయింది, వదిలేసింది.

గాయం కడిగాను, స్పిరిట్ పోసినప్పుడు అతను గాలిలోకి తన్నాడు, కొంచెం ఎక్కువే పోశాను, కట్టు మాత్రం బాగా కట్టాను, అది నా చేతికి అలవాటు. కుట్లు పడాలి, మనిషి కాటు కుక్క కాటు కన్నా చెడ్డది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి అని చెప్పాను. "ఎవరైనా అడిగితే జారి పడ్డానని చెప్పు నాయనా" అంది అత్తయ్య. అతను గుమ్మం దాటి, వీధిలోకి వెళ్ళి, నలుగురూ వినేలా మా ముగ్గురి అంతూ చూస్తానన్నాడు. ఆవిడను రమ్మని మాత్రం పిలవలేదు. పిలిచినా ఆవిడ కదిలేది కాదేమో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నోరు పుక్కిలించుకుంటూ, నావైపు కాక గోడవైపు చూస్తూ.

ఏం చేస్తారు అలాంటప్పుడు. బార్లీలో నారింజా దానిమ్మా యాపిలూ కలిపాను, వాల్‌నట్లు చేత్తో విరిచి వేశాను, సీసాను ఇంకోసారి కుదిపి పైన పోశాను. మూడు గిన్నెలు. మొదటి ముద్ద పెట్టుకున్నాను. బార్లీ గింజ పళ్ళ మధ్య నిలబడింది, జారింది, మళ్ళీ దొరికింది, నొక్కాను, నొప్పి చెవి దాకా కొట్టింది, కళ్ళు తిరిగాయి, ఆవాల ఘాటు, పులుపు, తేనె అన్నీ ఒక్కసారి నాలుక మీద పడ్డాయి, నమిలాను. ఆవిడ కూడా ఒకవైపే నములుతోంది, నేనూ ఒకవైపే. అత్తయ్య దానిమ్మ గింజలు చిగుళ్ళతో చిదిమి రసం మింగి, ఉప్పు తక్కువైంది అంది.

సగం గిన్నె అయ్యాక ఆవిడ చెంచా కింద పెట్టింది.

"అక్కా, స్టేషన్లో నా మాట కూడా రాసుకుంటారా?"

"రాసుకుంటారు."

"చెయ్యి సంగతి పాతది. సాక్ష్యం లేదు."

"ఎక్స్-రే తీయిస్తాను. ఎముక అబద్ధం చెప్పదు."

"ఆయన బయటికొస్తే?"

 వస్తాడు, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు, ఎవరైనా వస్తారు. మా ఆయన ఇంకో అరగంటలో ఇల్లు చేరతాడు, నేల మీది నెత్తురు చూసి రెండు కాళ్ళతో బ్రేకు తొక్కుతాడు. వచ్చేలోగా స్టేషనుకు బయల్దేరాలి. "ముందు తినడం కానివ్వు" అన్నాను. ఆవిడ చెంచా అందుకుంది. అత్తయ్య అప్పటికే లేచింది, మంచం కింద కర్రతో కెలుకుతూ, "నా చెప్పులెక్కడ పెట్టి చచ్చారు, ఇంట్లో ఒక్కటీ పెట్టిన చోట ఉండదు" అని తిడుతోంది.